పడమట నది, తూర్పున చెరువులు

వలస వచ్చినవాళ్లు పేటపేటగా కట్టుకున్న నగరం కోల్‌కతా. దాని ట్రాములు, పాత ఇళ్లు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. వాటికన్నా విలువైన ఆస్తి మాత్రం పర్యాటకులు వెళ్లని దిక్కున ఉంది.

కోల్‌కతా నేల చూడ్డానికి బల్లపరుపుగా ఉంటుంది. వాన కురిస్తే తప్ప దాని వాలు బయటపడదు. పక్కనే అంత పెద్ద హుగ్లీ నది పారుతున్నా నగరం మీద పడిన నీరు చాలావరకు అటు పోదు. తరతరాలుగా వరదలు తెచ్చిపోసిన ఒండ్రుతో నది గట్టు ఎత్తుగా పెరిగింది. అక్కడి నుంచి తూర్పుకు పోయేకొద్దీ నేల పల్లమవుతుంది. అందుకే వాన నీరూ, ఇళ్ల మురుగూ నదిని వదిలి తూర్పున ఉన్న చిత్తడి నేలల దారి పడతాయి.

ఈ వాలు అర్థమైతే కోల్‌కతా సగం అర్థమైనట్లే. ఎత్తయిన గట్టు మీద కోట, కచేరీలు, గిడ్డంగులు, జమీందార్ల మేడలు లేచాయి. తర్వాత వచ్చినవాళ్లకు వాటి వెనక నేల దక్కింది. మరీ ఆలస్యంగా వచ్చినవాళ్లు పల్లాన్ని పూడ్చి ఇళ్లు కట్టుకున్నారు. నది ఒడ్డు నుంచి తూర్పుకు నడిస్తే మూడు శతాబ్దాల చరిత్ర దాదాపు వరసగా ఎదురవుతుంది. ఆ నడక చివర నగరం ఇప్పటికీ తేల్చుకోని ప్రశ్న ఒకటి ఉంది. పల్లాన్ని ఇంకెంత పూడ్చవచ్చు?

పుట్టినరోజు లేని నగరం

పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పిన కథ సులువైనది. 1690 ఆగస్టు 24న ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ సుతానుటి రేవులో దిగాడు, కలకత్తా పుట్టింది. కానీ అప్పటికే అక్కడ సుతానుటి, కలికాత, గోవిందపూర్ అనే మూడు గ్రామాలున్నాయి. నూలు, బట్టల సంత ఉంది. కాళీఘాట్‌కు యాత్రికుల రాకపోకలున్నాయి. 1698లో ఆ గ్రామాల జమీందారీ హక్కును కంపెనీ సబర్ణ రాయ్‌చౌధురీ కుటుంబం నుంచి 1,300 రూపాయలకు సంపాదించింది. మూడు శతాబ్దాల తర్వాత ఆ కుటుంబ వారసులే కోర్టుకెక్కారు. చరిత్రకారుల నివేదిక తెప్పించుకున్న కలకత్తా హైకోర్టు 2003లో తీర్పు చెప్పింది. చార్నాక్‌ను నగర స్థాపకుడనడం సరికాదు, నగరానికి పుట్టినరోజంటూ ఏదీ లేదు అని తేల్చింది. అంతకు రెండేళ్ల ముందే, 2001లో, కలకత్తా పేరు అధికారికంగా కోల్‌కతాగా మారింది. హైకోర్టు, విశ్వవిద్యాలయం మాత్రం పాత పేరుతోనే కొనసాగుతున్నాయి.

నగరం రూపురేఖలను నిర్ణయించింది ఒక ఓటమి. 1756లో బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా కంపెనీ కోటను పట్టుకున్నాడు. మరుసటి ఏడాది ప్లాసీలో నెగ్గిన కంపెనీ, మళ్లీ ఆ అవమానం ఎదురుకాకూడదని 1758లో కొత్త ఫోర్ట్ విలియం నిర్మాణానికి దిగింది. గోవిందపూర్ జనాన్ని ఖాళీ చేయించింది. ఫిరంగుల గురికి అడ్డు రాకుండా చుట్టూ చెట్టూ చేమా నరికించింది. ఆ ఖాళీ జాగాయే నేటి మైదాన్. ఇప్పటికీ సైన్యం అధీనంలో ఉండబట్టే అది బిల్డర్ల చేతికి చిక్కలేదు. పొద్దున క్రికెట్, సాయంత్రం మేకల మందలు, గుర్రపు బళ్లు, వేరుశనగలు, ఎన్నికలొస్తే లక్షల జనంతో సభలు. అన్నిటికీ అదే చోటు.

మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ ఫుట్‌బాల్ క్లబ్బుల గుడారాలూ అక్కడే. 1911 జులై 29న చాలామంది ఆటగాళ్లు బూట్లు కూడా లేకుండా ఆడిన మోహన్ బగాన్, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. అదే ఏడాది డిసెంబరులో రాజధానిని ఢిల్లీకి మారుస్తున్నట్లు బ్రిటిష్ రాజు ప్రకటించాడు. 1772 నుంచి కంపెనీ పాలనకు, ఆ తర్వాత సామ్రాజ్యానికి రాజధానిగా ఉన్న నగరానికి ఒకే ఏడాది ఒక గెలుపు, ఒక దెబ్బ. మైదాన్ దక్షిణపు కొసన తెల్లని మక్రానా పాలరాతితో మెరిసే విక్టోరియా మెమోరియల్‌కు 1906లో పునాది వేస్తే 1921లో తలుపులు తెరుచుకున్నాయి. సామ్రాజ్య వైభవానికి గుర్తుగా తలపెట్టిన ఆ భవనం పూర్తయ్యేసరికి సామ్రాజ్య రాజధానే అక్కడ లేదు.

అధికారం కదిలిపోయిన చౌక్

మైదాన్‌కు ఉత్తరాన ఒకప్పటి డల్హౌసీ స్క్వేర్, ఇప్పటి బీబీడీ బాగ్. మధ్యలో లాల్ దీఘి చెరువు, దాని చుట్టూ కంపెనీ, చక్రవర్తి ప్రభుత్వాల భవనాలు. 1868 నాటి గుమ్మటం జనరల్ పోస్టాఫీసుది. ఎర్రని పొడవాటి రైటర్స్ బిల్డింగ్‌ను 1777లో కంపెనీ గుమాస్తాల కోసం మొదలుపెట్టారు. 1930 డిసెంబరు 8న వినయ్, బాదల్, దినేశ్ అనే ముగ్గురు యువ విప్లవకారులు అందులోకి చొరబడి జైళ్ల ఇన్‌స్పెక్టర్ జనరల్ సింప్సన్‌ను కాల్చి చంపారు. స్వాతంత్ర్యం తర్వాత డల్హౌసీ పేరు తీసి ఆ ముగ్గురి పేర్లే చౌక్‌కు పెట్టారు. బీబీడీ అంటే వాళ్లే.

2013లో రాష్ట్ర సచివాలయాన్ని రైటర్స్ నుంచి నదికి అవతల హౌరాలోని నవాన్నకు తరలించడంతో చౌక్‌లో సందడి సగం తగ్గింది. మధ్యాహ్నం కాలిబాట మీద భోజనాలు మాత్రం తగ్గలేదు. పూరీ-ఆలూ, చేపల పులుసు-అన్నం, చౌమీన్, కోసిన బొప్పాయి ముక్కలు. చౌకగా కడుపు నిండే మహానగరం అన్న పేరును ఆఫీసు పేటలే నిలబెడుతున్నాయి.

వచ్చినవాళ్ల పేటలు

బీబీడీ బాగ్ దాటి ఉత్తరాన బడాబజార్‌లో అడుగుపెడితే నడక కాదు, తోపులాట. బట్టలు, మసాలాలు, బంగారం, ప్లాస్టిక్, మందులు, అన్నీ టోకున దొరికే బజారు. రాజస్థాన్ నుంచి వచ్చిన మార్వాడీలు ఇక్కడే గద్దెలు వేసుకుని దేశంలోని పెద్ద పారిశ్రామిక సామ్రాజ్యాలకు పునాది వేశారు. ఆ సందుల్లోనే 1724 నాటి ఆర్మీనియన్ చర్చి ఉంది. కొద్ది దూరంలో 1884లో కట్టిన మేగెన్ డేవిడ్ యూదుల ప్రార్థనా మందిరం, చిత్‌పూర్ రోడ్డు మీద 1926లో శంకుస్థాపన జరిగిన నాఖోదా మసీదు. యూదుల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేంతకు పడిపోయింది. వాళ్ల మందిరాల బాగోగులు చూస్తున్నవారిలో ముస్లిం కుటుంబాలున్నాయి.

టిరెట్టా బజార్‌లో తెల్లవారుజామున చైనీయుల ఫలహారాలు అమ్ముతారు. ఎండ ఎక్కేలోపే అన్నీ అయిపోతాయి. 18వ శతాబ్ది చివర్లో మొదలైన చైనీయుల వలస తోళ్లు, వడ్రంగం, దంతవైద్యం, లాండ్రీ వృత్తుల్లో స్థిరపడింది. 1962 యుద్ధం వాళ్ల బతుకును తలకిందులు చేసింది. చాలామందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో నిర్బంధించారు. విడుదలైనవాళ్లలో ఎందరో కెనడా దారి పట్టారు. తూర్పున టాంగ్రాలో మిగిలిన తోళ్ల కార్ఖానాలను కాలుష్యం కారణంగా తరలించాలని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తర్వాత వాటిలో కొన్ని హోటళ్లయ్యాయి. దేశమంతా తినే చిల్లీ చికెన్, హక్కా నూడుల్స్ రుచికి మూలం ఈ పేటల్లోనే ఉందంటారు. టాంగ్రాలోని చైనా కాళి గుడిలో నైవేద్యం కూడా నూడుల్సే.

నైరుతిన మటియాబుర్జ్‌ది ఇంకో వలస. 1856లో అవధ్ రాజ్యాన్ని కంపెనీ కలిపేసుకున్నాక నవాబు వాజిద్ అలీ షా కలకత్తా చేరాడు. 1887లో చనిపోయేదాకా నదీతీరాన చిన్న లక్నోను నిలబెట్టుకున్నాడు. వంటవాళ్లు, పాటగాళ్లు, దర్జీలు, పతంగులు చేసేవాళ్లు వెంట వచ్చారు. కోల్‌కతా బిర్యానీలో తప్పక కనిపించే బంగాళాదుంప వాళ్ల వారసత్వమే. నవాబు పేదరికం వల్ల మాంసానికి బదులు దుంప వేశారన్నది జనంలో ఉన్న కథ. అప్పట్లో బంగాళాదుంప అంత చౌక కాదని, కొత్త రుచి కోసమే వేశారని నవాబు వంశీకులు వాదిస్తారు. దర్జీల వారసులు మాత్రం నిజంగానే నిలదొక్కుకున్నారు. తూర్పు భారతంలోని బట్టల దుకాణాలకు చౌక రెడీమేడ్ దుస్తులు మటియాబుర్జ్ నుంచే వెళ్తాయి.

అరుగుల మీద పెరిగిన సంస్కృతి

ఉత్తర కోల్‌కతాలో ఇళ్లకు రోవాక్ ఉంటుంది. అంటే మన అరుగే. సాయంత్రం దాని మీద చేరి లోకం సంగతులన్నీ తిరగేయడమే ‘అడ్డా’. రాజకీయం, ఫుట్‌బాల్, సినిమా, కవిత్వం, చేపల ధర, ఏదైనా సరే. పేటను ‘పారా’ అంటారు. ప్రతి పారాకూ ఒక క్లబ్బు, ఒక మిఠాయి దుకాణం, ఒక దుర్గాపూజ.

ఈ ఇరుకు సందుల్లోనే 19వ శతాబ్ది భారతదేశపు పెద్ద వాదాలు నడిచాయి. 1817లో హిందూ కాలేజీ, 1828లో రామ్మోహన్ రాయ్ బ్రహ్మ సభ, 1857లో విశ్వవిద్యాలయం. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పోరాట ఫలితంగా 1856లో వితంతు పునర్వివాహ చట్టం వస్తే, ఆ డిసెంబరులోనే సుకియా వీధిలో తొలి పెళ్లి జరిగింది. పాతికేళ్ల తర్వాత 1881లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం చేయించిన పెళ్లికి స్ఫూర్తి అదే. ఆయనను దక్షిణాది విద్యాసాగరుడని పిలిచింది అందుకే.

జొరాసాంకోలోని ఠాకుర్ల ఎర్ర భవంతిలో 1861లో పుట్టిన రవీంద్రనాథుడు 1941లో అక్కడే కన్నుమూశాడు. ఇప్పుడది మ్యూజియం, రవీంద్రభారతి విశ్వవిద్యాలయ ప్రాంగణం. కొంచెం దక్షిణాన కాలేజీ స్ట్రీట్. రోడ్డుకు రెండువైపులా రేకుల షెడ్లలో పుస్తకాలు గోడల్లా పేర్చి ఉంటాయి. వాటి పైన ఆల్బర్ట్ హాల్‌లో 1942 నుంచి కాఫీహౌస్ నడుస్తోంది. కార్మికుల సహకార సంఘం నిర్వహించే ఆ హోటల్లో ఒక కప్పు ‘ఇన్ఫ్యూజన్’ ముందు పెట్టుకుని గంటలు గడిపినా లేవమనేవారుండరు.

నదికి దగ్గర్లో కుమార్‌టులి. వెదురు, గడ్డి, బంకమట్టితో దుర్గ విగ్రహాలు చేసే కుమ్మరుల పేట. కృష్ణానగర్ నుంచి వచ్చినవారు మొదలుపెట్టిన పని ఇది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ కళాకారులూ చేరారు. మహాలయ అమావాస్య నాడు దేవి కళ్లు దిద్దడం సంప్రదాయం. 1757లో శోభాబజార్ రాజా నవకృష్ణ దేవ్ తన ఇంట్లో జరిపిన పూజ జమీందార్ల వేడుక. చందాలతో నడిచే ఊరుమ్మడి పూజలు ఇరవయ్యో శతాబ్దిలో దాన్ని వీధిలోకి తెచ్చాయి. ఈమధ్య ‘థీమ్’ పందిళ్లు దాన్ని నగరమంత కళాప్రదర్శనగా మార్చాయి. 2021 డిసెంబరులో యునెస్కో కోల్‌కతా దుర్గాపూజను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఖ్యాతికి మట్టి పిసికేవాళ్లు మాత్రం ఇప్పటికీ చాలావరకు ప్లాస్టిక్ పట్టాల కప్పుల కిందే పనిచేస్తున్నారు.

అరుగులున్న ఇళ్లే ఇప్పుడు ప్రమాదంలో ఉన్నాయి. ఉమ్మడి ఆస్తిలో వాటాదారులు పదుల్లో ఉంటారు. వారసుల్లో సగం మంది బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. దశాబ్దాల కిందటి అద్దె కట్టే కిరాయిదారుడు ఖాళీ చేయడు. రిపేరుకు డబ్బు పెట్టేవారుండరు. ప్రమోటర్ వచ్చి అందరికీ తలో ఫ్లాటు ఇస్తానంటే తగువు తీరుతుంది. ఎర్రని సిమెంటు గచ్చు, ఆకుపచ్చ కిటికీ తలుపులు, ఇనుప జాలీ వరండా పోయి అయిదంతస్తుల పెట్టె లేస్తుంది. నగరపాలక సంస్థ వారసత్వ కట్టడాల జాబితా ప్రముఖుల ఇళ్లను కాపాడగలదు. మామూలు గుమాస్తాలు, డాక్టర్లు, వకీళ్లు కట్టుకున్న ఇళ్లు చాలావరకు ఆ జాబితాకు ఎక్కవు. వీధికి అందం తెచ్చింది మాత్రం అవే.

దక్షిణాన శరణార్థుల ఊరు

పార్క్ స్ట్రీట్ దాటితే దక్షిణం మొదలవుతుంది. 1767లో తెరిచిన ఆంగ్లేయుల శ్మశానంలో, 1784లో ఏషియాటిక్ సొసైటీని స్థాపించిన విలియం జోన్స్ సమాధి ఉంది. అక్కడికి కూతవేటు దూరంలోనే కేకులు, క్యాబరేల పాత వైభవం చెప్పుకునే రెస్టారెంట్లు. భవానీపూర్, కాళీఘాట్, బాలీగంజ్, గరియాహాట్ మధ్యతరగతి, ఎగువ మధ్యతరగతి పేటలు. కాళీఘాట్‌లో ఇప్పుడున్న గుడి 1809 నాటిది. దాని పక్కనే 1952లో మదర్ థెరిసా అవసానదశలో ఉన్నవారి కోసం నిర్మల్ హృదయ్ తెరిచారు. గుడి వెనక పారే ఆదిగంగ ఒకప్పుడు గంగ అసలు పాయ అని భక్తుల నమ్మకం. ఇప్పుడది మురుగు కాలువ. దక్షిణాన దాని మధ్యలోనే మెట్రో స్తంభాలు దిగాయి.

ఇంకా దక్షిణానికి పోతే జాదవ్‌పూర్, బిజయ్‌గఢ్. 1947 విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లు ఖాళీ జాగాలు, పాత సైనిక శిబిరాలు ఆక్రమించి కాలనీలు వేసుకున్నారు. స్కూళ్లు వాళ్లే కట్టుకున్నారు. పట్టాల కోసం ఏళ్ల తరబడి ఉద్యమించారు. వామపక్షాల బలానికి ఈ కాలనీలు పెట్టనికోటలయ్యాయి. 1977 నుంచి 2011 దాకా 34 ఏళ్లు సాగిన వామపక్ష పాలన వేళ్లు వెతికితే ఇక్కడా తేలతాయి. స్థానికులను ‘ఘొటి’ అని, తూర్పు నుంచి వచ్చినవారిని ‘బాఙాల్’ అని పిలుచుకునే తేడా ఇప్పుడు వేళాకోళానికే మిగిలింది. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిశ్. ఆ ఇలిశ్ గోదావరికి ఎదురీదితే మన పులస.

తెలుగువాళ్ల కలకత్తా

తెలుగు పాఠకులకు కలకత్తా చూడకముందే తెలుసు. శరత్ నవలలు చక్రపాణి వంటివారి అనువాదాల్లో ఇంటింటికీ చేరాయి. 1953లో ‘దేవదాసు’ తెలుగు సినిమా అయ్యేనాటికి చాలామందికి శరత్ తెలుగు రచయితే. ‘టాలీవుడ్’ అన్న మాట కూడా మొదట ఇక్కడిదే. టాలీగంజ్ స్టూడియోలకు 1932లోనే ఆ పేరు వచ్చింది. తొలి తెలుగు టాకీల్లో కొన్ని తయారైంది కూడా ఈ నగరంలోనే. సి.పుల్లయ్య దర్శకత్వంలో ‘సావిత్రి’ (1933), ‘లవకుశ’ (1934) తీసింది కలకత్తా ఈస్టిండియా ఫిలిం కంపెనీ.

తెరవెనక మరో వలస ఉంది. శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల కరువు పల్లెల నుంచి వేలమంది హుగ్లీ ఒడ్డున టిటాగఢ్ వంటి చోట్ల జనపనార మిల్లుల్లో చేరారు. విభజనతో జనపనార పండే పొలాలు తూర్పు పాకిస్థాన్‌కు, మిల్లులు భారత్‌కు వచ్చాయి. ఆ దెబ్బ నుంచి పరిశ్రమ పూర్తిగా కోలుకోలేదు. కార్మిక వాడల్లో తెలుగు మాత్రం మిగిలింది. రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లోని తెలుగువారి విజ్ఞప్తి మేరకు 2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది.

రోజూ నడిచే బంధం మాత్రం చేపలది. ఆకివీడు, కైకలూరు, భీమవరం చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె చేపలు ఐసు పెట్టెల్లో హౌరా మార్కెట్‌కు చేరతాయి. బెంగాలీలు వీటిని ‘చాలానీ మాఛ్’ అంటారు, అంటే పైనుంచి వచ్చిన చేప. నోట్లో పెట్టుకోగానే తేడా తెలుస్తుందని, స్థానిక చేపే గొప్పదని దీర్ఘాలు తీస్తారు. అయినా కొనక తప్పదు.

పట్టాలు తప్పిన పాత వాహనం

హుగ్లీ మీద 1943లో తెరిచిన హౌరా బ్రిడ్జిలో నట్లు, బోల్టులు లేవు. 26,500 టన్నుల ఉక్కును రివెట్లతోనే బిగించారు. దాని కింద మల్లిక్ ఘాట్ పూలమార్కెట్‌లో బంతిపూల దండలు మోపులు మోపులుగా చేతులు మారతాయి. దేశంలో తొలి మెట్రో రైలు 1984 అక్టోబరు 24న ఇక్కడే ఎస్ప్లనేడ్-భవానీపూర్ మధ్య నడిచింది. నలభై ఏళ్లకు, 2024 మార్చిలో, దేశంలోనే మొదటిసారి నది కింద మెట్రో మార్గం ప్రారంభమైంది. హుగ్లీ అడుగున 520 మీటర్ల సొరంగం దాటడానికి ముప్పావు నిమిషం చాలు.

ఆ ముప్పావు నిమిషానికి బవ్‌బజార్ వాసులు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. 2019 ఆగస్టు 31న సొరంగం తవ్వే యంత్రం భూగర్భ జలాల పొరను తాకింది. నీరూ మట్టీ లోపలికి దూసుకొచ్చాయి. పైన పాత ఇళ్లు బీటలిచ్చాయి, కొన్ని కూలిపోయాయి. వందలమంది చేతికందింది పట్టుకుని వీధిన పడ్డారు. కోల్‌కతా ఇళ్లు నిలబడింది బురద మీదనేనని ఆ రాత్రి గుర్తుచేసింది.

మెట్రో పెరిగేకొద్దీ ట్రాము తరిగింది. 1873లో గుర్రాలతో మొదలై 1902లో కరెంటెక్కిన ట్రాము, మిగతా భారతీయ నగరాలన్నీ వదిలేశాక కూడా ఇక్కడ బతికింది. రద్దీకి కారణమంటూ మార్గాలు ఒక్కొక్కటే మూసేశారు. 2024 సెప్టెంబరులో రాష్ట్ర రవాణా మంత్రి మైదాన్-ఎస్ప్లనేడ్ మార్గాన్ని వారసత్వంగా ఉంచి మిగిలినవి ఎత్తేస్తామని ప్రకటించారు. ట్రాము ప్రేమికులు వీధికెక్కారు, వ్యవహారం హైకోర్టుకెక్కింది. పొగ లేని, చౌక టికెట్టు వాహనం కోసం ఇతర దేశాల నగరాలు మళ్లీ పట్టాలు వేస్తుంటే ఉన్నవాటిని తీసేయడం ఏమిటన్నది వాళ్ల ప్రశ్న. హిందుస్థాన్ మోటార్స్ 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ మూసేశాక పసుపు అంబాసిడర్ టాక్సీలదీ అదే దారి. పదిహేనేళ్ల నిబంధన కింద అవి వరసగా తుక్కుకు పోయాయి.

నగరాన్ని మోసే చెరువులు

ఇక తూర్పు. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ తలపెట్టిన సాల్ట్ లేక్ ఉపనగరం చిత్తడి నేలలో హుగ్లీ ఇసుక నింపి కట్టినది. ప్లాను గీసింది యుగోస్లావియా వాస్తుశిల్పి దోబ్రివోయె తోష్కోవిచ్. వెడల్పు రోడ్లు, బ్లాకులు, పార్కులు, ఐటీ కంపెనీల సెక్టర్ ఫైవ్. ఆపైన రాజార్‌హాట్ న్యూటౌన్. జనం కూడా ఇటే జరుగుతున్నారు. నగరపాలక సంస్థ పరిధిలో 2001లో 45.7 లక్షలున్న జనాభా 2011 లెక్కల్లో 44.9 లక్షలకు తగ్గింది. శివార్లతో కలిపితే మాత్రం 1.41 కోట్లు.

ఈ కొత్త పేటలకూ బైపాస్ రోడ్డుకూ ఆవల 12,500 హెక్టార్ల తూర్పు కోల్‌కతా చిత్తడి నేలలున్నాయి. నగరం మురుగు ఏమవుతుందో కనుక్కునే పని మీద 1980వ దశకంలో ఇటు వచ్చిన ప్రభుత్వ ఇంజినీరు ధ్రువజ్యోతి ఘోష్ ఆశ్చర్యపోయే సంగతి బయటపెట్టారు. రోజుకు 75 కోట్ల లీటర్లుంటుందని అంచనా వేసే మురుగును పెద్ద యంత్రాలేవీ లేకుండా బెస్తలు, రైతులే శుభ్రం చేస్తున్నారు. ఇక్కడ ‘భేడీ’లనే లోతు తక్కువ చెరువులు 250కి పైగా ఉన్నాయి. కాలవల్లో వచ్చిన మురుగును కొలతగా వాటిలోకి వదిలి ఎండకు నిలవ ఉంచుతారు. సూర్యరశ్మికి నాచు పెరుగుతుంది, నీటిలో ప్రాణవాయువు చేరుతుంది, రోగకారక క్రిములు చస్తాయి. ఆ నాచును, దానిమీద బతికే సూక్ష్మజీవులను చేపలు తింటాయి. గట్ల వెంట పెంచే గుర్రపుడెక్క అలల కోతను ఆపుతుంది, లోహాలను పీల్చుకుంటుంది. చెరువులోంచి వదిలిన నీరు వరి పొలాలకు పోతుంది. పక్కనే ధాపా చెత్త దిబ్బల దగ్గర కూరగాయలు పండుతాయి. ఏటా పదివేల టన్నులకు పైగా చేపలు ఇక్కడ పడతాయని అంచనా. ఎరువు, మేత ఖర్చు కలిసిరావడం వల్లే చేపా కూరగాయా నగరంలో చౌక.

పుస్తకాల్లోంచి పుట్టిన విద్య కాదిది. విద్యాధరి నది పూడిపోయి ఉప్పునీటి ఆటుపోట్లు ఆగిపోయాక, మురుగులోనే చేపలు పెంచడం జాలర్లు తరాలుగా నేర్చుకున్నారు. ఘోష్‌కు 1990లో ఐక్యరాజ్యసమితి గ్లోబల్ 500 పురస్కారం వచ్చింది. 2018లో చనిపోయేదాకా ఆయన ఆ చెరువులనే కాపలా కాశారు.

ఇక్కడ తెలుగువారు ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. 2002 ఆగస్టు 19న ఒకేరోజు పలు భారతీయ చిత్తడి నేలలకు రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. వాటిలో ఒకటి ఇది, మరొకటి కొల్లేరు. కొల్లేరులో చేపల చెరువులే సరస్సును మింగేశాయని 2006లో ప్రభుత్వం వాటి గట్లు తెగ్గొట్టింది. కోల్‌కతాలో చేపల చెరువులు ఉండబట్టే చిత్తడి నేల ఉంది. అక్కడ చెరువు ఆక్రమణదారు, ఇక్కడ కాపలాదారు. చేపలు పెంచడం మంచిదా చెడ్డదా అన్నది ప్రశ్న కాదు. నేల వాలును, నీటి దారిని గౌరవించి పెంచుతున్నారా లేదా అన్నదే తేడా.

కాపలాదారుకు ఇప్పుడు తోడు తక్కువ. పర్యావరణవాదులు వేసిన కేసులో 1992లోనే హైకోర్టు ఈ భూములను మార్చకూడదని ఆదేశించింది. 2006లో రాష్ట్రం ప్రత్యేక చట్టం చేసింది. అయినా రాత్రిపూట ఒక లారీ మట్టి, ఆ తర్వాత ఒక ప్రహరీ, ఒక గోదాము, ఒక నాలుగంతస్తుల భవనం. అక్రమ కట్టడాల మీద కేసులు కోర్టుల్లో పేరుకున్నాయి. ఎకరా మీద చేపలు తెచ్చే ఆదాయానికీ, అదే ఎకరా ఫ్లాట్లుగా తెచ్చే డబ్బుకూ పోలికే లేదు. కాలవలు పూడి మురుగు సరిగా అందక దిగుబడి తగ్గితే, జాలరి కొడుకు న్యూటౌన్‌లో సెక్యూరిటీ గార్డు ఉద్యోగం చూసుకుంటాడు.

నష్టం జాలరిది మాత్రమే కాదు. 2025 సెప్టెంబరు 23న, దుర్గాపూజకు కొద్దిరోజుల ముందు, 24 గంటల్లో సుమారు 250 మిల్లీమీటర్ల వాన కురిసి నగరం మునిగింది. పదిమంది వరకు చనిపోయారు. అత్యధికులు నిలిచిన నీటిలో కరెంటు తగిలి పోయినవారే. ఆటుపోట్లు, పూడిన కాలవలు, చాలని పంపులు, కారణాలు చాలా ఉన్నాయి. నీరు చివరికి చేరాల్సిన పల్లం తగ్గిపోతే మాత్రం ఏ పంపూ సాయపడదు.

ట్రాము పోతే మెట్రో ఉంది. అరుగు పోతే జ్ఞాపకం ఉంటుంది. రాజధాని హోదా పోయినా, జనపనార కుదేలైనా కోల్‌కతా తట్టుకుంది. తూర్పు చెరువులు పోతే వాటి స్థానంలో మురుగు శుద్ధి కేంద్రాలు, పంపుల స్టేషన్లు, వాటిని నడిపే కరెంటు కొనుక్కోవాలి. ఇన్నాళ్లూ ఆ పనిని నగరానికి దాదాపు ఉచితంగా చేసిపెట్టింది ఎండ, నాచు, చేప, జాలరి. ఆ నలుగురి లెక్క ఇంకా ఏ బడ్జెట్‌లోనూ వేయలేదు.